రోంత చాలు

రాయచోటి రోడ్డులో మా షెడ్డు.
నెత్తిన రేకులు. కింద
ఇరవై ఏండ్లుగా నూనె తాగి నల్లబడిన మన్ను.
పనిబల్లకు మాత్రం కడప బండ.
దాని మీద మాబున్నక్క వరసగా పెట్టిన డబ్బాలు.
దేన్ని యాడ పూయాల్నో
నాకు తెల్సనుకుంటి.

పసుపచ్చ గ్రీజుది పెద్ద డబ్బా.
బేరింగులకు అదే, షట్టరు గాడికి అదే,
ఎండాకాలం కీచుమనే ఫ్యానుకు గుడక అదే.
చేతికందుతాది, చవగ్గా వస్తాది,
అందరికీ చుట్టం.
ఆ పొద్దు ఓబులేసు ఇండికాకు ప్యాడ్లు మారుస్తా
క్యాలిపరు పిన్నులకు దాన్నే పూసినా,
పెండ్లి బంతిలో నెయ్యి వడ్డించినట్ల
ధారాళంగా.

రెండు నెల్లు తిరగలేదు.
గువ్వలచెరువు ఘాటు సగం దిగినాక
ముందర ఎడమ చక్రం కాడ పొగ.
ఎనక సీట్లో కోవా బుట్టలు.
కాలిన వాసనకు, పాలు మాడినాయేమో అనుకున్యాడంట.
సీసా తీసి నీళ్లు పొయ్యబోతే
అక్క ఫోన్లో అరిచింది:
"పొయ్యాకు! డిస్కు వంకర పోతాది,
సల్లారేదాంక కూచో!"
కూచున్యాడు, రాతి మీద,
ఒక చేతిలో ఫోను,
కోతుల కోసరం ఇంకో చేతిలో రాయి.

షెడ్డుకొచ్చినాక అక్క ఏమీ అనలా.
చక్రం విప్పింది. పిన్ను లాగింది. రాలా.
సుత్తితో తడితే వచ్చింది,
ముదురు పాకంలో దిగబడిన గరిటె మాదిరి.
రబ్బరు తొడుగు మాత్రం
రాత్రంతా నానిన శెనక్కాయ గింజ లెక్క
ఉబ్బి, తన చోట్లో తానే పట్టలేక.
"రబ్బరు గుడక తింటాది చెండ్రాయుడా.
పడని కూడు పెడితే కడుపుబ్బుతాది."

మర్నాడు రెండు సోడా మూతలు తెచ్చింది.
కొత్త తొడుగును బ్లేడుతో రెండు ముక్కలు చేసింది.
ఒక మూతలో పసుపచ్చది,
ఇంకోదాంట్లో, ఏలెడు పొట్లంలోంచి పిండిన
తెల్లటి సిలికాన్ గ్రీజు.
"దీనికి నూటిరవయ్యా?" అంటి.
మాట్లాడలా.
రెండిట్నీ బండ మీద ఎండ తగిలే మూల పెట్టి
"పది దినాలు తాకొద్దు" అనింది.

నేను దినామూ తాకినా.
మూడో దినానికి పసుపచ్చదాంట్లో ముక్క మెత్తబడె.
ఏడో దినానికి గోరు గుచ్చితే దిగె.
తెల్లదాంట్లో ముక్క
పెట్టిన పొద్దు ఎట్లుండెనో అట్లనే.
అక్క టీకి పొయినప్పుడు
స్కేలు పెట్టి కొలిచినా గుడక.

ఇప్పుడు పాత గ్రీజు మరక గుడక మిగలకుండా తుడుస్తా,
క్లీనరు కొట్టి ఆరనిస్తా.
పిన్నుకు తెల్లది, పలచగా:
నలుగు పెట్టినట్ల కాదు, కాటుక పెట్టినట్ల.
ప్యాడు చెవులు కూచునే ఇనుప గాట్లకు
సెగకు కరగని బూడిదరంగుది, రోంత.
ప్యాడు ముఖానికి, డిస్కుకు మాత్రం
ఏలిముద్ర గుడక తాకనీను.
జారాల్సింది, జారకూడనిది
ఒకే చక్రంలో బెత్తెడు దూరంలో కాపరం చేస్తాంటాయి.
దాని వాటా దీనికి పూస్తే
మనకంటే ముందు ఘాటుకు తెలుస్తాది.

నిన్న ఓబులేసు వచ్చినాడు.
బండి బాగుండాదన్యాడు,
ఆ పొట్లం లెక్క కాడ మాత్రం ఇంకా గొణుగుతానే ఉండాడు.
పోతా పోతా ఆకులో కోవా పెట్టిచ్చినాడు.
నా ఏళ్లకు గ్రీజు.
అక్క చూసి, చెయ్యి కడుక్కోనొచ్చి,
గోరంత తుంచి నా నోట్లో పెట్టి
"రోంత చాలు" అనింది,
మిగిలిందంతా
తన టిఫిన్ డబ్బాలో సర్దుకుంటా.